అమ్మానాన్నల అడుగు, పిల్లల పరుగు
తల్లిదండ్రుల శారీరక శ్రమకు, పిల్లల ఆటపాటలకు గల సంబంధంపై ఒక పరిశీలన

ముంబయి నగరంలో ఒక పేట పేరులోనే శ్రమ ఉన్నది. నిజాం ఏలుబడిలోని తెలుగు ప్రాంతాల నుండి వచ్చి, రాళ్లు మోసి, సున్నం కలిపి, ఈ నగరపు గోడలు లేపిన కూలీలను కామాఠీలు అన్నారు. వారు కాపురమున్న చోటు కామాఠీపురా అయింది. వారి వెనుక వచ్చిన పద్మశాలీలు, ఇతర చేతివృత్తులవారు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, నాయ్‌గావ్ ప్రాంతాలలోని చాళ్లలో స్థిరపడి, బట్టల మిల్లులలో మగ్గాల ముందు నిలిచారు. ఒక తరం రాయి మోసింది. మరొక తరం పాళీల లెక్కన మిల్లులో నిలబడింది. మూడవ తరం, నాలుగవ తరం పిల్లలు నేడు అదే పేటలలో, అవే గదులలో పెరుగుతున్నారు. కాని వారిలో పెక్కుమంది బడి నుండి వచ్చి కూర్చున్న చోటి నుండి నిద్రవేళ వరకు లేవడం లేదు.

కష్టజీవుల ఇంట పుట్టిన బిడ్డకు కదలిక ఎందుకు అబ్బడం లేదు? తల్లిదండ్రులు చురుకుగా ఉంటే పిల్లలు చురుకుగా ఉంటారన్న మాట నిజమేనా? నిజమైతే, రోజంతా ఒళ్లు వంచి పనిచేసే తండ్రి బిడ్డ అందరికంటె చురుకుగా ఉండవలసినది కదా? ఈ ప్రశ్నలకు పరిశోధనలు చెప్పే సమాధానం ఏమిటో, అది చాళ్‌లోని జీవితానికి ఏ మేరకు వర్తిస్తుందో ఈ పాఠంలో చూడవచ్చు.

కొలతలు చెప్పిన మాట

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణం ఉన్నది. గుండెజబ్బుల కారణాలను తరతరాలుగా పరిశీలిస్తున్న అధ్యయనం 1948లో అక్కడే మొదలైంది. దాని కొనసాగింపుగా జరిగిన పిల్లల అధ్యయనంలో 4 నుండి 7 ఏళ్ల వయసుగల 100 మంది పిల్లలకు, వారి తల్లిదండ్రులకు కదలికను కొలిచే చిన్న యంత్రాలు అమర్చారు. ఫలితాలు 1991లో వెలువడ్డాయి. కదలిక తక్కువగా ఉన్న తల్లుల పిల్లలతో పోల్చితే, చురుకైన తల్లుల పిల్లలు చురుకుగా ఉండే అవకాశం రెండింతలు కనిపించింది. తండ్రి చురుకైనవాడైతే అది సుమారు మూడున్నర రెట్లు. తల్లీ తండ్రీ ఇద్దరూ చురుకైనవారైతే, ఇద్దరూ కదలని ఇంటితో పోల్చినప్పుడు, దాదాపు ఆరు రెట్లు.

ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో 554 మంది నాలుగేళ్ల పిల్లలపై, వారి తల్లులపై జరిగిన మరొక అధ్యయనం 2014లో వెలువడింది. గుండె వేగాన్నీ కదలికనూ ఒకేసారి నమోదు చేసే పరికరాలను తల్లీబిడ్డలు వారం రోజుల వరకు ధరించారు. తల్లి కదలిక పెరిగినకొద్దీ బిడ్డ కదలిక కూడ పెరగడం అక్కడ కనిపించింది. అయితే తల్లిని చూచి బిడ్డ పరుగెత్తుతున్నదా, బిడ్డ వెంట తల్లి పరుగెత్తుతున్నదా అన్నది ఆ కొలతలు తేల్చలేవని పరిశోధకులే చెప్పారు. పసిబిడ్డను పెంచిన ఏ తల్లికైనా ఈ సందేహం విడ్డూరంగా తోచదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము. తల్లిదండ్రుల నుండి వచ్చిన దేహతత్వం ఒక కారణం కావచ్చు. ఇంటి దగ్గర మైదానం ఉండడం ఇద్దరికీ కలిసివచ్చి ఉండవచ్చు. అందువలన అనేక దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచిన పరిశోధకులు ప్రశ్నను రెండుగా విడదీశారు. తల్లిదండ్రులు స్వయంగా వ్యాయామం చేయడం ఒకటి. పిల్లల ఆటకు తోడు నిలవడం, అనగా వెంట తీసుకొని వెళ్లడం, ప్రోత్సహించడం, చూడడం, కలిసి ఆడడం మరొకటి. 2015లో వెలువడిన అటువంటి ఒక సమీక్షలో మొదటిదానికి పిల్లల కదలికతో సంబంధం స్వల్పంగానే కనిపించింది. రెండవదాని సంబంధం అంతకంటె స్పష్టంగా, బలంగా తేలింది.

అనగా పిల్లవాడి ఆట తండ్రి ఒంటి బలాన్ని బట్టి కాక, తండ్రి ఇచ్చిన తోడును బట్టి పెరుగుతున్నది. చాళ్లలోని తల్లిదండ్రులకు ఇందులో ఒక ఊరట ఉన్నది, ఒక బాధ్యత కూడ ఉన్నది.

శ్రమ వేరు, ఆట వేరు

మిల్లుల కాలంలో కార్మికులు మూడు పాళీలలో పనిచేసేవారు. రాత్రిపాళీ ముగించి వచ్చిన తండ్రి ఉదయం నిద్రపోయేవాడు. పది మంది తలదాచుకొనే ఖోలీలో ఆయన నిద్ర చెడకూడదని పిల్లలను సద్దు చేయవద్దని గదిమేవారు. తండ్రి మగ్గాల నడుమ ఎన్ని మైళ్లు నడిచాడో పిల్లవాడికి తెలియదు. అతడు చూచినదల్లా అలసి పడుకొన్న మనిషిని.

1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండు లక్షలకు పైగా మిల్లు కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కుటుంబాలు కుట్టుపనికి, కాపలా ఉద్యోగాలకు, డ్రైవర్ పనికి, చిన్న వ్యాపారాలకు, కట్టడపు కూలికి మళ్లాయి. వీటిలో కొన్ని ఒంటిని అరగదీస్తాయి. మరికొన్ని రోజుకు పది పన్నెండు గంటలు ఒకేచోట కూర్చోబెడతాయి. రెండింటిలోనూ పిల్లలకు మిగిలేది ఇంటికి చేరిన తరువాతి అలసటే. తల్లి సంగతి మరీ గమనించవలసినది. నల్లా వచ్చే వేళకు లేచి, నీళ్లు పట్టి, మెట్లెక్కి దిగి, వంట ముగించి, ఆపై కుట్టుమిషను ముందు కూర్చొనే ఇల్లాలిని ఎవరూ కదలిక లేని మనిషి అనలేరు. కాని ఆ శ్రమలో బిడ్డకు చోటు లేదు. అడ్డు రావద్దని చెప్పడమే ఉంటుంది.

వయోజనులకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఇంటిపని, కూలిపని, నడక అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. అయితే తీరికవేళ ఇష్టంతో చేసే వ్యాయామం వలన కలిగే మేలు, విశ్రాంతి లేని బరువుపని వలన అంతగా కలగడం లేదని డెన్మార్క్ పరిశోధకులు కొన్నేళ్లుగా చూపుతున్నారు. పని వేగాన్ని కార్మికుడు నిర్ణయించుకోలేడు. అలసినప్పుడు ఆగలేడు. ఆటలో ఆ రెండు స్వేచ్ఛలూ ఉన్నాయి. పిల్లలు పెద్దల నుండి నేర్చుకొనేది కూడ ఈ స్వేచ్ఛతో కూడిన కదలికనే. ఒంటిని కదిలించడం సంతోషమని పెద్దల ముఖంలో చూచిన పిల్లవాడు పరుగెత్తుతాడు. ఒంటిని కదిలించడం శిక్ష అని చూచినవాడు, చదువుకొని కుర్చీ సంపాదించడమే ముక్తి అనుకొంటాడు. కష్టపడిన తల్లిదండ్రులు తమ బిడ్డ నీడపట్టున ఉండాలని కోరుకోవడం సహజం. అయితే ఆ కోరిక నెరవేరిన ఇంట బిడ్డ కూర్చొనే జబ్బు పడకుండ చూచుకోవడం కూడ అవసరమే.

పిల్లలకు ఎంత కావాలి?

5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేటంతటి ఆట లేదా వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే దూకుడు, ఎక్కుడు, లాగుడు వంటివి అందులో ఉండాలి. 3, 4 ఏళ్ల పిల్లలు రోజంతటిలో 180 నిమిషాలు ఏదో ఒక విధంగా కదులుతూ ఉండాలి. ఆ వయసువారు తెర ముందు కూర్చొనే కాలం ఒక గంట మించరాదు.

2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుండి 17 ఏళ్ల వయసువారిలో నూటికి 81 మందికి ఆ గంట ఆట అందలేదు. బాలురలో ఈ సంఖ్య 78 కాగా, బాలికలలో 85. పెద్దలలోనూ ఇదే తేడా. 2022 అంచనా ప్రకారం భారతదేశంలోని వయోజనులలో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. పురుషులలో నూటికి సుమారు 42 మంది, స్త్రీలలో సుమారు 57 మంది. తల్లికి అందనిది కూతురికీ అందకుండ పోతున్నదన్న సంగతిని ఈ రెండు లెక్కలూ పక్కపక్కన చూచినప్పుడు గమనించవచ్చు.

చాళ్‌లోని చోటు, కామాఠీపురాలోని భయం

1920ల నాటి బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క ఖోలీ 160 చదరపు అడుగులు. అంతస్తుకు 20 ఖోలీలు, నాలుగు అంతస్తులు, నడుమ పొడవాటి నడవ. గదిలో ఆటకు చోటు లేదు. కాని నడవ ఉన్నది, మెట్లు ఉన్నాయి, రెండు భవనాల మధ్య ఆవరణ ఉన్నది. అన్నింటికంటె ముఖ్యంగా, తెరచిన తలుపుల నుండి చూచే ఇరుగుపొరుగు కళ్లు ఉన్నాయి. చాళ్ పిల్లలను ఒకప్పుడు ఆడించినవి ఆ కళ్లే. నేడు ఆవరణను ద్విచక్ర వాహనాలు ఆక్రమించాయి. తలుపులు మూసి, లోపల టీవీ, చేతిలో ఫోను.

కామాఠీపురాలో మరొక కష్టం ఉన్నది. కూలీల పేటగా పుట్టిన ఈ చోటుకు నగరం వేరొక పేరు అంటగట్టింది. ఇక్కడి గల్లీలలో కాపురముంటూ, కుట్టుకొంటూ, పిల్లలను చదివించుకొంటూ బ్రతికే కుటుంబాలు ఆ పేరు బరువును మోస్తున్నాయి. సందె వేళ ఆడపిల్లను కిందికి పంపడానికి తల్లి వెనుకాడుతుంది. పది పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల ఆట ఆగిపోతుంది. ఆ తల్లి భయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే ఆ భయానికి మందు గదిలో కూర్చోబెట్టడం కాదు, తోడు వెళ్లడం. ఒక్క తల్లి వెళ్లడం కష్టమైతే నలుగురు తల్లులు కలిసి వెళ్లడం తేలిక. పైన చెప్పిన పరిశోధనలు తోడుకు ఇచ్చిన విలువ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నాగ్‌పాడా నేర్పిన పాఠం

కామాఠీపురాను ఆనుకొని ఉన్న నాగ్‌పాడా, అంతే ఇరుకైన పేట. 1920లలో అక్కడ వెలసిన నైబర్‌హుడ్ హౌస్ అనే సేవాకేంద్రం కాలం నుండి బాస్కెట్‌బాల్ ఆ వీధుల ఆట అయింది. బచ్చూఖాన్ అనే శిక్షకుడు తరాల పిల్లలకు ఆట నేర్పాడు. నేడు అక్కడి నగరపాలక మైదానం ఆయన పేరనే ఉన్నది. భారత జట్టుకు నాయకత్వం వహించి, అర్జున పురస్కారం పొందిన అబ్బాస్ మున్తసిర్ ఆ వీధులలో పెరిగినవాడే. ఆ పేట నుండి భారత జట్టుకు ఎంపికైనవారు ఇంకా ఉన్నారు.

నాగ్‌పాడాలో ఇంటింటా ఆటగాడైన తండ్రి ఉన్నాడని కాదు. ఒక చిన్న కోర్టు, రోజూ అదే వేళకు వచ్చే ఒక పెద్దమనిషి, నిన్న నేర్చుకొని నేడు చిన్నవారికి నేర్పే అన్నలు, ఇవే ఆ పేటకు పెట్టుబడి. తండ్రికి తీరిక లేని చోట మేనమామ, పిన్ని, తాత, పొరుగు అన్న ఆ తోడు ఇవ్వగలరు. తోడు ఎవరిదైనా బిడ్డకు కావలసినది, తన ఆటను ఒక పెద్దవారు పట్టించుకొంటున్నారన్న నమ్మకం.

బతుకమ్మలో ఉన్న రహస్యం

ఈ సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. తెలంగాణ నుండి వచ్చిన కుటుంబాలు ముంబయి చాళ్లలోనూ బతుకమ్మ ఆడుతున్నాయి. మహాలయ అమావాస్య నుండి తొమ్మిది రోజులు అమ్మమ్మ, తల్లి, కూతురు ఒకే వలయంలో వంగి, లేచి, చప్పట్లు చరుస్తూ గంటకు పైగా తిరుగుతారు. ఎవరూ దానిని వ్యాయామం అనరు. మూడేళ్ల పిల్ల కూడ తల్లి కొంగు పట్టుకొని అడుగు కలుపుతుంది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకొంటుంది. చూడడం, కలిసి చేయడం, మెప్పు పొందడం, నలుగురి మధ్య భయం లేకుండ ఉండడం అన్నీ అక్కడ ఒకేచోట అమరాయి. ప్రశ్న ఒక్కటే: మిగిలిన 356 రోజుల సంగతి ఏమిటి?

తండ్రుల దగ్గరా ఇటువంటి నిధి ఉన్నది. ఊరిలో చెడుగుడు ఆడినవారికి ముంబయిలో అదే ఆట హుతుతు పేరుతో, ఆపై కబడ్డీ పేరుతో ఎదురైంది. పరేల్, లాల్‌బాగ్ మిల్లు వాడలు కబడ్డీకి పేరుపొందినవి. బిళ్లంగోడు ఇక్కడ విటీదాండూ. తొక్కుడుబిళ్లకు ఒక సుద్దముక్క చాలు. కోతికొమ్మచ్చికి ఒక చెట్టు, దాగుడుమూతలకు ఒక మెట్లదారి చాలు. పిల్లలకు ఈ ఆటలు చెప్పగలవారు ఇంట్లోనే ఉన్నారు.

ఇంటింటా చేయదగినవి

1. రోజుకు అరగంట కలిసి కదలడం. ఒకేసారి కుదరకపోతే ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట. మిగిలిన అరగంట పిల్లలు తోటివారితో, బడిలో పూర్తి చేసుకొంటారు.

2. బడికి నడక. దూరం తక్కువైతే వాహనం మాని నడిపించి తీసుకొని వెళ్లడం. ఆ నడకలో మాటలు కలుస్తాయి. తల్లి వ్యాయామం, బిడ్డ వ్యాయామం రెండూ జరుగుతాయి.

3. అలసిన తండ్రి చేయగలది. కాళ్లు సహకరించని రోజున కూర్చొని ఆట చూడవచ్చు, తాడాట లెక్కపెట్టవచ్చు, గెలుపోటములు తీర్చవచ్చు. చూచే కన్ను కూడ తోడే.

4. ఆడపిల్లల ఆట ఆగకుండ చూడడం. వయసు వచ్చిందని ఆట మాన్పించవద్దు. అదే అంతస్తులోని తల్లులు వంతులవారీగా వెంట ఉంటే, వారానికి ఒక్క సాయంత్రమే ఒక్కొక్కరికి పడుతుంది.

5. ఆదివారపు నడక. కామాఠీపురావారికి భాయ్‌ఖళాలోని జిజామాతా ఉద్యానం, వర్లీవారికి జాంబోరీ మైదానం, సముద్రతీరపు నడకదారి, నాయ్‌గావ్‌వారికి ఫైవ్ గార్డెన్స్ దగ్గరలోనే ఉన్నాయి.

6. వానాకాలపు ఏర్పాటు. నాలుగు నెలలు మైదానాలు తడిసి ఉంటాయి. నడవలో తాడాట, ఒంటికాలి ఆట, సూర్యనమస్కారాలు చేయవచ్చు. పొరుగువారి నిద్రవేళను, పరీక్షల వేళను గౌరవించడం మరువరాదు. తడిసిన మెట్లపై పరుగు వద్దు.

7. ఫోనుకు వేళ. పిల్లల చేతి నుండి ఫోను తీసివేసే ముందు పెద్దలు తమది పక్కన పెట్టాలి. ఈ విషయంలో పిల్లలు చెప్పినది వినరు, చూచినది చేస్తారు.

8. ఆరోగ్య జాగ్రత్త. గుండెజబ్బు, అధిక రక్తపోటు, మోకాళ్ల నొప్పి, ఆయాసం ఉన్నవారు దగ్గరలోని నగరపాలక ఆరోగ్య కేంద్రంలో వైద్యుని అడిగి, నెమ్మదిగా మొదలుపెట్టాలి.

కొత్త భవనంలోకి పాత అలవాటు

చాళ్ల రూపం మారుతున్నది. వర్లీ బి.డి.డి. చాళ్ల స్థానంలో 40 అంతస్తుల భవనాలు లేచాయి. 160 అడుగుల ఖోలీకి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు. తొలి కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలు అందాయి. నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషీ మార్గ్ చాళ్లూ అదే దారిలో ఉన్నాయి. కామాఠీపురా పునర్నిర్మాణానికీ ప్రణాళికలు సాగుతున్నాయి. సొంత మరుగుదొడ్డి, గాలి, వెలుతురు గల ఇల్లు వందేళ్లుగా ఎదురుచూచిన హక్కు. అందులో సందేహం లేదు.

అయితే ఆ ఇంటికి మారేటప్పుడు సామానుతోపాటు తీసుకొని వెళ్లవలసినది మరొకటి ఉన్నది. నాలుగు అంతస్తుల మెట్లు పోయి లిఫ్టు వస్తుంది. తెరచిన నడవ పోయి మూసిన తలుపు వస్తుంది. ముప్పైయవ అంతస్తు నుండి తల్లి కిందికి తొంగిచూచి బిడ్డను పిలువలేదు. అందుచేత ఆటస్థలం ఎక్కడ, అక్కడ వాహనాలు నిలపకుండ చూచేదెవరు, సాయంత్రం దీపాలు వెలుగుతాయా, ఆడపిల్లలకు వేళ కేటాయించారా అన్న ప్రశ్నలను గృహసంఘం తొలి సమావేశంలోనే అడగాలి. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. పాఠశాల నిర్వహణ కమిటీలో తల్లిదండ్రులకు స్థానం ఉన్నది. తమ పేటలోని ఉద్యానాలు, మైదానాల లోపాలను వార్డు కార్యాలయానికి వ్రాసి ఇవ్వవచ్చు.

రాళ్లు మోసిన తాత తన మనుమడు రాళ్లు మోయకూడదనే మోశాడు. ఆ కోరిక తీరింది. ఆయన బలమైన భుజం మనుమడికి అక్కరలేదు. కాని ఆ భుజం ఎక్కి బతుకమ్మను, వినాయకుణ్ణి చూచిన పిల్లవాడి సంతోషం మాత్రం తరువాతి తరానికి అందవలసినదే. అది ఆస్తిలా వ్రాసి ఇస్తే రాదు. రోజూ అరగంట చేయి పట్టుకొని నడిస్తే వస్తుంది.

చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంటి పిల్లలు నిన్న ఎన్ని నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆడారు? అందులో పెద్దలు తోడున్నది ఎంతసేపు?
2. మీ అంతస్తులో సాయంత్రం పిల్లల వెంట ఉండగల పెద్దలు ఎందరు? వారం రోజులకు వంతులు వేసుకొనగలరా?
3. మీ ఊరి ఆటలలో మీ పిల్లలకు తెలిసినవి ఎన్ని? తెలియనివాటిలో ఈ ఆదివారం ఏది నేర్పగలరు?
4. మీ ఇంట ఆడపిల్లల ఆట ఏ వయసులో ఆగింది? ఎందువలన? తిరిగి మొదలు కావాలంటే ఎవరి తోడు కావాలి?